మహిళా పరిశోధకులం ఒకరికొకరం ఎలా ఆసరా కావచ్చు?

ప్రశ్న: మా విభాగంలో పీహెచ్‌డీ, పోస్ట్‌డాక్ కలిపి ఐదుగురం ఆడవాళ్లం. నెలకోసారి కలుస్తున్నాం కానీ కబుర్లతోనే సరిపోతోంది. కెరీర్‌కు పనికొచ్చేలా ఎలా మార్చుకోవాలి?

జవాబు 1: నెలకోసారి చాలదండీ. వారానికి గంటన్నర కేటాయించండి. ఒక్కో వారం ఒక్కరి రాతే, పది పేజీలు మించకుండా, రెండు రోజుల ముందే అందరికీ చేరాలి. అక్కడికొచ్చి చదవడం మొదలుపెడితే సమయమంతా అందులోనే పోతుంది. పంపేవారు "నా వాదన ఎక్కడ తెగిపోతోంది?" లాంటి ప్రశ్న ఒకటి జతచేయాలి. లేదంటే అందరూ అక్షరదోషాలే దిద్దుతారు, అసలు విషయం ఎవరూ ముట్టుకోరు.

జవాబు 2: కలిసి పేపర్ రాస్తుంటే రచయితల వరుస మొదట్లోనే రాసిపెట్టుకోండి. పేపర్‌లో ఎవరు ఏ పని చేశారో చెప్పడానికి వాడే 'క్రెడిట్' (CRediT) వర్గీకరణలో 14 పాత్రలున్నాయి. డేటా నిర్వహణ, సాఫ్ట్‌వేర్ లాంటి కనబడని చాకిరీకీ అందులో చోటుంది. పని స్వరూపం మారినప్పుడల్లా ఆ కాగితం మళ్లీ చూసుకోవాలి.

జవాబు 3: సిఫారసు లేఖల్లో "కష్టపడుతుంది, కలుపుగోలు మనిషి" దగ్గరే ఆగిపోకండి, దయచేసి. ఏ పద్ధతి తనే రూపొందించిందో, ఏ ఫలితం తేల్చిందో రాయండి. ఇంకోటి, మీటింగులో ఒకరి ఆలోచన వేరొకరి ఖాతాలో పడితే పక్కనున్నవాళ్లు అప్పటికప్పుడే ఆమె పేరు చెప్పి గుర్తుచేయాలి. తర్వాత చెబితే మినిట్స్‌లోకి ఎక్కదు.