'బ్రెడ్త్ ఫస్ట్ సెర్చ్'కి తెలుగులో ఏమందాం? నా ఓటు 'అంచె'కి

గ్రాఫ్ థియరీ, అంటే చుక్కలూ వాటిని కలిపే గీతల లెక్క, మొదలుపెట్టి మూడు వారాలైంది. లెక్క దగ్గర కంటే మాట దగ్గరే ఎక్కువసార్లు ఆగిపోతున్నాను. నిన్న చేతికొచ్చిన ఒక తెలుగు నోట్సులో బ్రెడ్త్ ఫస్ట్ సెర్చ్‌ని, అంటే దగ్గరివన్నీ చూశాకే దూరానికి వెళ్లే వెతుకులాటని, 'విస్తృతి ప్రథమ అన్వేషణ' అన్నారు. మూడుసార్లు చదివాను. విడివిడిగా మూడు ముక్కలూ తెలిసినవే, కలిపితే ఏ బొమ్మా కనబడదు. విస్తృతి సరే, దేని విస్తృతి?

నాకు తోచింది 'అంచెలవారీ వెతుకులాట'. ఎందుకో చెబుతాను, తప్పయితే దిద్దండి.

మనది భాషా గుంపు కాబట్టి మాటలతోనే గ్రాఫ్ కడదాం. రెండక్షరాల మాటలు పది: పాలు, పూలు, కాలు, పాడి, పాట, పూట, బాట, గాడి, గాలి, జాలి. ఒక్కో మాట ఒక శీర్షం. ఒక్క అక్షరం మారిస్తే ఒకటి ఇంకోటి అయ్యేట్టుంటే ఆ రెంటికీ మధ్య గీత, అంటే అంచు. పాలు, పూలు మధ్య గీత ఉంది. పూలు, పాట మధ్య లేదు. మొత్తం 13 గీతలు వచ్చాయి (పూట–బాట మొదట నేనూ వదిలేశాను). ఇప్పుడు 'పాలు' నుంచి 'గాలి'కి అతి తక్కువ మార్పుల్లో చేరాలి.

కాగితం మీద ఒక వరస పెట్టుకుంటాం. వరస మొదట ఉన్న మాటని తీస్తాం. దానితో గీత ఉన్న మాటల్లో ఇంతవరకు చూడనివాటికి టిక్కు పెట్టి వరస చివర చేరుస్తాం. చేసేదంతా ఇదే. 'పాలు' తీస్తే పూలు, కాలు, పాడి, పాట వస్తాయి. ఇది మొదటి అంచె. 'పూలు' తీస్తే కాలుకి ముందే టిక్కు ఉంది, పూట ఒక్కటే కొత్తది. 'కాలు' దగ్గర కొత్తదేమీ లేదు. 'పాడి' గాడిని తెస్తుంది. 'పాట' బాటని తెస్తుంది, పూటకి ఆసరికే టిక్కు పడిపోయింది. రెండో అంచెలో పూట, గాడి, బాట. మూడో అంచెలో గాడి ద్వారా గాలి. పాలు, పాడి, గాడి, గాలి: మూడు మార్పులు. నాలుగో అంచెలో జాలి.

మొదటి అంచె మొత్తం అయ్యాకే రెండో అంచెలోది వరస ముందుకు వస్తుంది. అందుకే మొదటిసారి తగిలిన దారే దగ్గరి దారి. ఈ సంగతి 'అంచె' వినగానే తెలుస్తుంది, 'విస్తృతి'లో ఎక్కడుంది?

జవాబు: బాగుంది తమ్ముడూ, కానీ అంచు, అంచె పక్కపక్కన పెడితే పరీక్ష పేపర్లో పిల్లలు ఏది దేనికి రాస్తారో దేవుడికెరుక. పైగా 'అంచ' అంటే హంస. మూడూ కలిసి ఒక పేరాలో పడితే అచ్చుతప్పులు దిద్దేవాడికి టెన్షనే. 'పొరలవారీ' అంటే సరిపోదా? ఉల్లిపొరలా ఒకదాని చుట్టూ ఇంకొకటి.

జవాబు: పొర బొమ్మకి బాగుంటుంది గానీ కదలిక చెప్పదు. అంచెలో ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి అందించడం ఉంది. పాడి అందిస్తేనే కదా గాడి వచ్చింది! గందరగోళం వస్తే మార్చాల్సింది అంచునే. శీర్షం, అంచు రెండూ మనకి ఘనాకారాల పాఠం నుంచి వచ్చినవి, ముఖాలు, అంచులు, శీర్షాలు అని స్కూల్లో చదివినవే. ఘనానికి అంచు ఉంటుంది, గ్రాఫ్‌కి దేని అంచు? 'గీత' అనేస్తే సరి. శీర్షం బదులు 'ముడి' అనొచ్చు, దాన్ని ఇంగ్లీషులో నోడ్ అని కూడా అంటారు, ఆ మాటకి లాటిన్‌లో మూలార్థం ముడే.

జవాబు: అసలు తంటా 'గ్రాఫ్' అన్న మాటతోనే మేడమ్. గ్రాఫ్ పేపరు, ఎక్స్ అక్షం, వై అక్షం గుర్తొస్తాయి. దాన్ని 'రేఖాచిత్రం' అంటే ఇంకా చెడుతుంది. ఈ అర్థంలో గ్రాఫ్ అని మొదట వాడింది గణితవేత్త సిల్వెస్టర్, 1878లో. రసాయనశాస్త్రంలో పరమాణువులని గీతలతో కలిపి వేసే బొమ్మల నుంచి తెచ్చుకున్నాడు. విషయం మాత్రం అంతకుముందే ఉంది. కోనిగ్స్‌బర్గ్ ఊళ్లోని 7 వంతెనల్లో ఒక్కోదాని మీద ఒక్కసారే నడిచి అన్నీ దాటలేమని గణితవేత్త ఆయిలర్ రాసిన ఏడాదిగా 1736 చెబుతారు. నాలుగు నేలముక్కలకి 5, 3, 3, 3 వంతెనలు తగులుతాయి, అన్నీ బేసి. బేసి వంతెనలున్న నేలముక్కలు రెంటికి మించితే కుదరదు. ఆయనకి గ్రాఫ్ అన్న మాట అవసరమే పడలేదు.

జవాబు: ఈ వెతుకులాట 1945లోనే జర్మన్ ఇంజనీరు కొన్రాడ్ జూస్ రాతల్లో ఉంది, అచ్చయింది మాత్రం 1972లో. ఈలోగా 1959లో ఎడ్వర్డ్ మూర్ విడిగా దీన్నే కనిపెట్టాడు, చిక్కుదారిలోంచి దగ్గరి దారి పట్టుకోవడానికి. ఆయన వెతికింది దగ్గరి దారినే కాబట్టి నేనూ అంచె వైపే.

జవాబు: మాకు చెప్పిన సారు క్యూ (ముందు వచ్చింది ముందు పోయేది), స్టాక్ (చివర వచ్చింది ముందు పోయేది) అని రెండు డబ్బాలు బోర్డు మీద గీసి వెళ్లిపోయారు. ఏడాదిపాటు రెంటికీ తేడా పేరులోనే ఉందనుకున్నాను. క్యూని 'వరస' అనడం చూశాక నవ్వొచ్చింది. మన వరసలో బారు ఉంది, చుట్టరికం కూడా ఉంది. 'నీకు ఏ వరస?' అన్నట్టు, పాలుకి గాలి మూడో వరస!

మరి లోతుకి వెళ్లే రెండోదాన్ని, డెప్త్ ఫస్ట్ సెర్చ్‌ని, ఏమంటారు? ఈ పది మాటల మీదే అది నడిపాను. పూలులోకి దిగి, కాలు దగ్గర దారి మూసుకుపోతే వెనక్కొచ్చి, పూట, పాట, పాడి, గాడి మీదుగా గాలికి చేరింది. ఆరు మార్పులు. చేరడమైతే చేరింది.

జవాబు: దానికి 'లోతు' బాగానే అతుకుతుంది, మార్చొద్దు. కానీ నాదొక అభ్యంతరం. 'నా పాలి దైవం' అంటాం కదా, మీ పట్టికలో 'పాలి' ఏది?

మొదట రాసినవాణ్ణి: అయ్యో, నిజమే గురువుగారూ. విడిగా వాడం కదా అని దాని ఊసే తలచుకోలేదు. ఇప్పుడు చేర్చి మళ్లీ గీశాను. పాలికి పాలు, పాడి, పాట, గాలి, జాలి అయిదింటితోనూ గీత పడింది, 13 కాస్తా 18 అయ్యాయి. గాలి, జాలి రెండూ రెండో అంచెలోకి వచ్చేశాయి. వెతికే పద్ధతిలో ఒక్క మెట్టు కూడా మారలేదు, మారింది నిఘంటువే. పాలు, పాలి, గాలి. ఈసారి దారిలో గాడి లేదు.