పోటీ పరీక్షల ఇంగ్లీషును తెలుగులో నేర్పాలా, ఇంగ్లీషులోనే నేర్పాలా?

వంశధార, శ్రీకాకుళం (చర్చ ప్రారంభం)

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బ్యాంకు, స్టాఫ్ సెలక్షన్ పరీక్షలకు తయారవుతున్న వారి మధ్య ఈ మధ్య ఒక మాట గట్టిగా వినిపిస్తోంది. ఇంగ్లీషు గ్రామరును తెలుగులో వివరించే తరగతుల వల్ల అభ్యర్థికి మేలు కన్నా కీడే ఎక్కువని, మొదటి రోజు నుంచీ ఇంగ్లీషులోనే విని, ఇంగ్లీషులోనే ఆలోచించాలని ఆ వాదన సారాంశం. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి, డిగ్రీ కూడా అంతంతమాత్రం ఇంగ్లీషుతో ముగించిన వారికి ఈ సలహా ఇవ్వడం, వారిని గుమ్మం దగ్గరే ఆపేయడమని నా అభిప్రాయం. అందుకే ఈ విషయాన్ని ఇక్కడ చర్చకు పెడుతున్నాను.

మొదట ఈ సబ్జెక్టు బరువెంతో చూడాలి. ఐబీపీఎస్ సంస్థ పెట్టే బ్యాంకు పీవో (ప్రొబేషనరీ ఆఫీసరు), క్లర్కు ప్రిలిమ్స్‌లలో ఇంగ్లీషుకు 30 ప్రశ్నలు, 20 నిమిషాలు ఉంటాయి. ఆ విభాగంలో విడిగా కటాఫ్ దాటకపోతే లెక్కల్లో, రీజనింగులో ఎన్ని మార్కులు వచ్చినా ప్రయోజనం లేదు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ డిగ్రీ వారికి పెట్టే సీజీఎల్ పరీక్ష రెండో అంచెలో ఇంగ్లీషు నుంచి 45 ప్రశ్నలు, ఒక్కొక్కటికి 3 మార్కుల చొప్పున 135 మార్కులు వస్తాయి. అదే పేపరులో లెక్కలకు ఉన్నవి 90 మార్కులే. మన పిల్లలు మాత్రం ఉదయమంతా లెక్కలు చేసి, సాయంత్రం మిగిలిన అరగంటను ఇంగ్లీషుకు ఇస్తున్నారు. ఆ అరగంట కూడా అర్థం కాని భాషలో చెప్పిన సూత్రాలను ఎత్తి రాసుకోవడానికే సరిపోతోంది.

తెలుగులో చెబితే ఏమి ఒరుగుతుందో ఒక్క ప్రశ్నతో చూపిస్తాను. 'ది క్వాలిటీ ఆఫ్ ది మాంగోస్ సోల్డ్ ఇన్ దిస్ మార్కెట్ ఆర్ పూర్' అన్న వాక్యంలో తప్పు ఎక్కడుందో గుర్తించమని అడిగితే, చాలామంది 'ఆర్' దగ్గర ఆగకుండా దాటిపోతారు. కర్తను బట్టి క్రియ ఉంటుందన్న సూత్రం వారికి తెలియక కాదు. తెలుగులో 'ఈ బజారులో అమ్మే మామిడిపళ్ల నాణ్యత బాగోలేదు' అంటాం. విశేషణాలన్నీ ముందు వచ్చేసి, అసలు కర్త అయిన 'నాణ్యత' సరిగ్గా క్రియ పక్కన వచ్చి నిలబడుతుంది. ఇంగ్లీషులో అసలు పేరు ముందు వచ్చి, దాని వివరణ అంతా తరువాత వస్తుంది కాబట్టి కర్తకూ క్రియకూ మధ్య ఏడు మాటలు దూరిపోయాయి. కర్తను క్రియకు దగ్గర్లో వెతికే మన అలవాటు అక్కడ 'మాంగోస్'ను కర్తగా చూపి మోసం చేస్తుంది; అసలు కర్త 'క్వాలిటీ' ఏకవచనం కాబట్టి 'ఆర్' బదులు 'ఇజ్' రావాలి. ఈ సంగతిని తెలుగు వాక్యం పక్కన పెట్టి చెబితే పదో తరగతి పిల్లవాడికైనా ఎక్కుతుంది. ఇంగ్లీషులోనే చెబితే మరో సూత్రంగా నోటుపుస్తకంలో చేరుతుంది, అంతే.

చంపావతి, విజయనగరం

వంశధార గారు ఇచ్చిన ఉదాహరణ చక్కగా ఉంది, కానీ వారు చెప్పిన పద్ధతిలో నేర్చుకున్న వారు పరీక్ష గదిలో ఏమవుతున్నారో కూడా చూడాలి. ఇరవై నిమిషాల్లో ముప్ఫై ప్రశ్నలంటే ఒక్కో ప్రశ్నకు నలభై సెకన్లు. అందులోనే పెద్ద పేరా ఒకటి చదివి జవాబులు వెతకాలి. ప్రతి వాక్యాన్నీ మనసులో తెలుగులోకి తెచ్చుకుని, అర్థం చేసుకుని, మళ్లీ ఇంగ్లీషులోకి వెళ్లి ఆప్షను ఎంచుకునే అలవాటు ఉన్నవారికి ఆ పేరా సగం అయ్యేసరికే సమయం అయిపోతుంది. నేను ఇక్కడ డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. నమూనా పరీక్షల్లో విడివిడి ప్రశ్నలు బాగా చేసే వారు పేరా దగ్గర కూలబడటం తరచూ చూస్తుంటాను. వారికి తెలుగు ఒక ఊతకర్రగా మారి, చివరిదాకా వదలకుండా ఉండిపోతోంది.

రెండో ఇబ్బంది ఇంకా లోతైనది. మన వాళ్లు చేసే తప్పుల్లో ఎక్కువ భాగం తెలుగు నుంచే వస్తాయి. 'గురించి చర్చించాం' అంటాం కాబట్టి 'డిస్కస్డ్ అబౌట్' అని రాస్తారు. 'మూడేళ్ల నుంచి ఇక్కడే ఉంటున్నాను' అంటాం కాబట్టి 'ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్' అంటారు. ఆ తప్పులకు మూలమైన భాషనే పాఠానికి వాహకం చేస్తే, పిల్లవాడి చెవికి ఇంగ్లీషు వాక్యం సహజంగా ఎలా నడుస్తుందో ఎప్పటికి పడుతుంది?

పదాల విషయంలో నా ఆవేదన మరీ ఎక్కువ. ఒక అభ్యర్థి నోటుపుస్తకం చూపించాడు. ఎడమ పక్క ఇంగ్లీషు పదం, కుడి పక్క తెలుగు అర్థం, పేజీల కొద్దీ వరుసగా ఉన్నాయి. 'ఫ్రూగల్' ఎదురుగా 'తక్కువ ఖర్చు పెట్టే', ఆ కిందే 'స్టింజీ' ఎదురుగా మళ్లీ 'తక్కువ ఖర్చు పెట్టే' అని ఉంది. పేరాలో ఖాళీలు నింపే క్లోజ్ టెస్టులో ఈ రెండూ ఆప్షన్లుగా వస్తే అతడు ఏది ఎంచుకోవాలి? పదం వాక్యంలో కనబడాలి, ఏ మాటల పక్కన కూర్చుంటుందో తెలియాలి. రోజూ ఒక ఇంగ్లీషు పత్రిక సంపాదకీయం చదివే వారికి అది దానంతట అదే వస్తుంది.

పలాస అభ్యర్థి

చంపావతి మేడమ్‌కు నమస్కారం. రెండు పక్షాలూ చదివాక, పరీక్ష రాస్తున్న వాడిగా నా వైపు నుంచి నాలుగు మాటలు రాయాలనిపించింది. నేను తెలుగు మాధ్యమంలోనే చదివాను. మా అమ్మ జీడిపిక్కల పనికి వెళుతుంది. మా ఊరి నుంచి ఏటా కొందరు సైన్యానికి, కేంద్ర బలగాలకు ఎంపికవుతుంటారు. ఆ బలగాల్లో చేరడానికి రాసే జీడీ కానిస్టేబుల్ పరీక్ష 2024 నుంచి తెలుగులో కూడా పెడుతున్నారని మేమంతా ఎంతో సంతోషించాం, కానీ అందులో 20 ప్రశ్నలు, 40 మార్కుల భాషా విభాగం మాత్రం ఇంగ్లీషో హిందీయో ఎంచుకోవాల్సిందే. మిగిలిన మూడు విభాగాలూ తెలుగులో రాసుకున్నా, పరుగులో అందరికన్నా ముందున్నా, ఆ నలభై మార్కుల దగ్గర మాకు దారి మూసుకుపోతోంది.

నేను చేరిన ఒక శిక్షణ కేంద్రంలో మాస్టారు గంటసేపు ఇంగ్లీషులోనే చెప్పేవారు. బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు ఎక్కించుకునే వాళ్లం. 'ఇఫ్'తో మొదలయ్యే భాగంలో 'విల్' రాదని రాసుకున్నాను గాని ఎందుకు రాదో తెలియదు. రేపు జరిగే పనికి 'విల్' రాకపోవడమేమిటని ప్రతిసారీ అనుమానం వచ్చి తప్పు పెట్టేవాణ్ని. తరువాత మా ఊరి టీచరు గారు ఒకరు తెలుగులో చెప్పారు: 'రేపు వాన పడితే మేము వెళ్లం' అన్న వాక్యంలో 'పడితే' అన్న మాటకు కాలం లేదు, వాన నిన్నటిదో రేపటిదో ఆ మాటలో ఉండదు, జరగబోయే సంగతిని 'వెళ్లం' అన్న క్రియే మోస్తోంది, ఇంగ్లీషులోనూ 'విల్'ను ప్రధాన వాక్యమే మోస్తుంది, 'ఇఫ్' భాగం 'రెయిన్స్' అన్న మామూలు రూపంతో ఊరుకుంటుంది. అది విన్నాక ఆ ప్రశ్నలో నేను మళ్లీ తప్పు చేయలేదు. మేడమ్ చెప్పినట్టు పత్రిక చదవాలన్న కోరిక నాకూ ఉంది, కానీ సంపాదకీయంలో మొదటి పేరాలోనే పది పదాలు తెలియకపోతే రెండో పేరాకు వెళ్లే ధైర్యం ఎవరిస్తారు?

విశ్రాంత ఉపాధ్యాయుడు, బొబ్బిలి

నాయనా పలాస అబ్బాయీ, నీ ప్రశ్న న్యాయమైనది. ఈ చర్చలో నేను మొగ్గు చూపేది వంశధార గారి వైపే, అయితే చంపావతి గారి మాటలను తోసిపుచ్చి కాదు.

మన ప్రాంతానికి ఈ వాదన కొత్తది కాదు. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారిని వాడుక భాషా ఉద్యమానికే గుర్తుపెట్టుకుంటాం గాని, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఆయన అక్కడి గిరిజనులు మాట్లాడే సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించడానికి పాటుపడిన సంగతిని అంతగా తలచుకోం. 1931లో వెలువడిన ఆయన సవర వ్యాకరణం ఇంగ్లీషులో రాసినది. ఇంగ్లీషులో వ్యాకరణ గ్రంథం రాయగల పండితుడే, పిల్లవాడికి పాఠం మాత్రం వాడికి తెలిసిన భాషలో మొదలవ్వాలని పట్టుబట్టాడు. తెలిసిన దాని మీద నిలబడి తెలియని దాన్ని అందుకోవడం తప్ప చదువుకు మరో మార్గం లేదని నేను ముప్ఫై ఏళ్లకు పైగా బడిలో పాఠాలు చెప్పిన అనుభవంతో నమ్ముతున్నాను.

అయితే తెలుగులో వివరించడం వేరు, తెలుగులోకి మార్చుకుంటూ చదవడం వేరు. చంపావతి గారు చూపిన కష్టం రెండో దాని వల్ల వచ్చింది. పాఠం పావుగంట తెలుగులో జరిగితే, అభ్యాసం గంటసేపు ఇంగ్లీషు వాక్యాల మీదే జరగాలి. మన శిక్షణ కేంద్రాల్లో ఈ లెక్క తలకిందులుగా ఉంది. వివరణ గంటసేపు సాగి, అభ్యాసం 'ఇంటి దగ్గర చేసుకోండి' అన్న మాటతో ముగుస్తోంది.

అబ్బాయీ, నువ్వు సంపాదకీయంతో మొదలుపెట్టవద్దు. నువ్వు రాయబోయే పరీక్ష పాత ప్రశ్నపత్రాల్లో వచ్చిన పేరాలను తీసుకో. వాటిలో తెలియని పదాలు తక్కువగా ఉంటాయి. పైగా ఒక వివరణ ఇచ్చి దానికి బదులుగా ఒక్క మాట అడిగే ప్రశ్నల్లోనూ, జాతీయాల్లోనూ, పర్యాయపదాల్లోనూ పాత పదాలే మళ్లీ మళ్లీ వస్తుంటాయి కాబట్టి ఆ శ్రమ రెండు విధాల పనికొస్తుంది. తప్పు చేసిన ప్రతి ప్రశ్న పక్కనా సరైన జవాబును కాకుండా, నువ్వు ఎందుకు మోసపోయావో తెలుగులో ఒక వాక్యం రాసుకో. నాలుగు వారాల తరువాత ఆ వాక్యాలు తిరగేస్తే నీ బలహీనత ఎక్కడుందో నీకే కనబడుతుంది. చాలామందికి అది రెండు మూడు చోట్లే ఉంటుంది.

వంశధార, శ్రీకాకుళం

మాస్టారి మాటకు శిరసు వంచుతున్నాను. చంపావతి గారు లేవనెత్తిన రెండు సంగతులకు మాత్రం నేను జవాబు చెప్పాలి.

తప్పులు తెలుగు నుంచే వస్తాయన్నది నిజం, అందుకే తెలుగును పాఠంలోకి తీసుకురావాలి. 'గురించి' అన్న మాట తెలుగు వాక్యంలో ఉండి ఇంగ్లీషు వాక్యంలో మాయమవుతుందని ఎవరూ చెప్పని పిల్లవాడు ఆ తప్పు చేస్తూనే ఉంటాడు. అతడి మనసులో తెలుగు ఎలాగూ నడుస్తోంది. తరగతిలో దాని పేరెత్తనంత మాత్రాన అది ఆగదు. 'డిస్కస్' తరువాత 'అబౌట్' రాదని కంఠస్థం చేసిన వాడు 'ఎంఫసైజ్ ఆన్' దగ్గర మళ్లీ పడతాడు. 'మీద నొక్కి చెప్పాడు' అనే తెలుగు వాక్యమే తనను అక్కడికి లాగుతోందని తెలిసిన వాడు రెండు చోట్లా నిలబడతాడు.

ఇక ఆ నోటుపుస్తకం సంగతి. అక్కడ లోపం తెలుగుది కాదు, తెలుగును అరకొరగా వాడటానిది. 'ఫ్రూగల్' ఎదురుగా 'పొదుపరి' అనీ, 'స్టింజీ' ఎదురుగా 'పిసినారి' అనీ రాసుకుని ఉంటే, ఒకటి మెచ్చుకోలు, మరొకటి తిట్టు అని మన ఇళ్లల్లో ఎవరినడిగినా చెబుతారు. నిఘంటువులోని నీరసమైన అర్థాన్ని ఎక్కించుకుంటే తెలుగైనా ఇంగ్లీషైనా ఒకటే.

చంపావతి, విజయనగరం

'పిసినారి' విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను, పదాలకు సరైన తెలుగు వెతికే తీరిక ఉన్న చోట అది మంచి పద్ధతే. కానీ ఆర్టికల్స్ మాటేమిటి? 'ఎ', 'ది' అన్నవి తెలుగులో లేనే లేవు. లేని దాన్ని తెలుగులో ఎలా చూపిస్తారు? వాక్యాలను వరుసలో పెట్టే ప్రశ్నల్లో వాటి మీదే సగం ఆధారపడి ఉంటుంది. అక్కడైనా ఇంగ్లీషులో విస్తారంగా చదవడం తప్ప మరో దారి లేదని ఒప్పుకుంటారా?

వంశధార, శ్రీకాకుళం

సగం ఒప్పుకుంటాను. 'అనగనగా ఒక ఊళ్లో ఒక రాజు ఉన్నాడు. ఆ రాజుకు ఏడుగురు కొడుకులు' అన్న కథ వినని తెలుగు పిల్లవాడు లేడు. మొదటిసారి చెప్పినప్పుడు 'ఒక', తెలిసిన వాడయ్యాక 'ఆ'. 'ఎ ఫార్మర్' ఉన్న వాక్యం ముందు, 'ది ఫార్మర్' ఉన్న వాక్యం తరువాత అన్న ఆధారం అచ్చంగా ఇదే. 'ఆ' లాంటి మాటతో మొదలయ్యే వాక్యం కథకు మొదటి వాక్యం కావడం అరుదన్నది వాడికి చిన్నప్పుడే తెలుసు. ఆ తెలివి ఇక్కడ పనికొస్తుందని మనం చెప్పాలి. కలగాపులగంగా ఇచ్చిన అయిదు వాక్యాల్లో 'హీ', 'దిస్', 'సచ్' లతో మొదలయ్యే వాటిని ఇదే చూపుతో పక్కన పెడితే, మొదటి వాక్యం కాగలిగినవి సాధారణంగా ఒకటో రెండో మిగులుతాయి.

మీరు చెప్పిన మిగతా సగం వాస్తవం. సూర్యుడి ముందు, నదుల పేర్ల ముందు, 'బెస్ట్' లాంటి మాటల ముందు వచ్చే 'ది'కి తెలుగులో ఏ గుర్తూ లేదు. 'ది నాగావళి' అని ఎందుకనాలో మన నాగావళి చెప్పదు. వాటిని ఇంగ్లీషు వాక్యాల్లో పదే పదే చూసి పట్టుకోవాల్సిందే. అలాంటి వాక్యాలు మీ దగ్గర పోగై ఉంటే ఈ చర్చలోనే పెట్టండి, మేడమ్. ఒక్కో దాని కింద తెలుగు వాక్యం రాసే పని నేను చూసుకుంటాను; పలాస తమ్ముడు వాటిని ముందుగా చేసి, ఎక్కడ తడబడ్డాడో మనకు రాస్తాడు.