అప్‌డేట్: ఎక్స్‌వీ6 బూట్ అవ్వట్లేదన్న సమస్య తీరింది

ఎక్స్‌వీ6 (ఎంఐటీ వాళ్ల చిన్న ఆపరేటింగ్ సిస్టమ్)ని క్యూఈఎంయూ (కంప్యూటర్‌ని సాఫ్ట్‌వేర్‌లో అనుకరించే ప్రోగ్రామ్)లో నడపడానికి మేక్ క్యూఈఎంయూ కమాండ్ కొడితే ఒక్క అక్షరమూ ప్రింట్ అవ్వకుండా ఆగిపోతోందని ఇంతకుముందు ఇక్కడ అడిగాను, సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. పీఎంపీ (ఏ మెమరీని ఏ మోడ్ వాడొచ్చో నిర్ణయించే ప్రాసెసర్ రక్షణ) చూడమన్న సలహాయే పనిచేసింది. నా దగ్గరున్నది రిస్క్-ఫైవ్ రకం ప్రాసెసర్ల కోసం రాసిన ఎక్స్‌వీ6 పాత కాపీ, క్యూఈఎంయూ మాత్రం కొత్తది. క్యూఈఎంయూ కొత్త వెర్షన్లలో మెషిన్ మోడ్ (ప్రాసెసర్‌లో అన్ని అధికారాలూ ఉండే స్థాయి) ముందుగా పీఎంపీ రిజిస్టర్లలో అనుమతి రాయకపోతే సూపర్‌వైజర్ మోడ్‌కి (ఆపరేటింగ్ సిస్టమ్ ప్రధాన భాగమైన కెర్నల్ నడిచే స్థాయి) మెమరీ అందదు, అందుకే జీడీబీ అనే డీబగ్గర్‌లో చూస్తే ఎంరెట్ (మెషిన్ మోడ్ నుంచి కింది మోడ్‌కి మార్చే ఇన్‌స్ట్రక్షన్) దాటగానే ఫాల్ట్ వస్తోంది.

స్టార్ట్.సీ ఫైల్లో ఎంరెట్‌కి ముందు మొత్తం ఫిజికల్ మెమరీకి చదవడం, రాయడం, ఎగ్జిక్యూట్ అనుమతులిచ్చే రెండు లైన్లు చేర్చగానే బూట్ పూర్తయి షెల్ (కమాండ్లు టైప్ చేసే చోటు) వచ్చేసింది. ఎంఐటీ వాళ్ల ఇప్పటి కోడ్‌లో అవి ముందే ఉన్నాయి, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అదే తీసుకోండి. కంపైలర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం, సీపీయూలు ఒకటికి తగ్గించడం... వీటికీ దీనికీ సంబంధమే లేదు. బోధన కోసం రాసిన చిన్న కెర్నల్ కాబట్టే బూట్ దారంతా లైను లైనుగా చదివి కారణం పట్టుకోగలిగాను, అది నాకు చాలా నచ్చింది.