అప్‌డేట్: రోమ్ డిటెక్టివ్ నవలలో పోలీసుల్ని తీసేశాను

క్రీ.పూ. 80లో, రోమ్‌ను గుప్పిట్లో పెట్టుకున్న సేనాని సుల్లా కాలంలో నడిచే నా నవలలో హత్య కేసును ఏ పోలీసు అధికారికి అప్పగించాలని అడిగాను కదా. మీలో చాలామంది చెప్పిందే నిజం: అప్పటికి రోమ్‌లో పోలీసులే లేరు. రాత్రి గస్తీ తిరిగే విగిలెస్ దళాలను చక్రవర్తి అగస్టస్ ఎప్పుడో క్రీ.శ. 6లో పెట్టాడు, వాళ్లకీ ముఖ్యమైన పని మంటలార్పడమే. ప్రభుత్వ ప్రాసిక్యూటర్ కూడా లేడు. ఎవరో ఒక పౌరుడు ముందుకొచ్చి నేరం మోపాలి.

దాంతో ఆరు అధ్యాయాలు చెత్తబుట్టలోకి పోయాయి. రెండు రోజులు తల పట్టుకున్నాను.

తర్వాత అప్పట్లో నిజంగా నడిచిన సెక్స్టస్ రోస్కియస్ కేసు చదివాను. తండ్రిని చంపాడని కొడుకు రోస్కియస్ మీద నింద. నిజమని తేలితే తోలు సంచిలో కుట్టి నీళ్లలో పడేస్తారు. ఆ తండ్రికున్న అరవై లక్షల సెస్టెర్సుల (రోమన్ నాణేల) ఆస్తిని సుల్లా మనిషి క్రిసోగొనస్ రెండు వేలకే కొట్టేశాడని, కొడుకు తరఫున వాదించిన 26 ఏళ్ల వకీలు సిసిరో కోర్టులోనే అనేశాడు. కొడుకు బయటపడ్డాడు. ఇంతకంటే మంచి ప్లాట్ నేనేం అల్లగలను!

ఇప్పుడు నా హీరో ఒక వకీలు కోసం ఆధారాలు ఏరే మనిషి. బానిస పిల్ల కోర్టులో ధైర్యంగా సాక్ష్యం చెప్పే సీన్ మాత్రం తీసేయక తప్పలేదు. బానిసల సాక్ష్యం చిత్రహింస పెట్టి రాబడితేనే చెల్లేదట.

అన్నట్టు, విందులో టమాటా పులుసు వడ్డించాను. అప్పటికి టమాటా రోమ్‌కే రాలేదు, అయినా ఎవరూ పట్టుకోలేదు! దాని బదులు గారుమ్ అనే చేపల సాస్ పోశాను.