సీ డ్రైవ్ క్లోన్ చేశా, కొత్త ఎస్ఎస్‌డీ బూట్ అవ్వట్లేదు

కార్డుల షాపు:
అందరికీ నమస్తే. మాది పెళ్ళికార్డులు, పాంప్లెట్లు చేసే చిన్న డీటీపీ షాపు. పేజ్‌మేకర్, అను స్క్రిప్ట్, పాత ప్రింటర్ డ్రైవర్ అన్నీ ఒకే లాప్‌టాప్‌లో ఉన్నాయి, విండోస్ 10, 500 జీబీ హార్డ్ డిస్కు. నెల నుంచి సేవ్ కొడితే చాలు నిమిషం సేపు హ్యాంగ్ అవుతోంది, లోపల టిక్ టిక్ మని సౌండు కూడా వస్తోంది. అన్నీ మళ్ళీ ఇన్‌స్టాల్ చేయాలంటే ఆ పాత సీడీలు ఇప్పుడు దొరకవు, అందుకే 480 జీబీ ఎస్ఎస్‌డీ కొని యూఎస్‌బీ కేబుల్‌తో పెట్టి క్లోన్‌జిల్లా అనే డిస్కు కాపీ సాఫ్ట్‌వేర్‌లో చేశా, మొత్తం డిస్కు అంటే కొత్తది చిన్నదని ఒప్పుకోలేదు, సరే అని సీ డ్రైవ్ ఒక్కటే కాపీ చేశా. లోపల బిగిస్తే నో బూటబుల్ డివైస్ అంటోంది. ఫైల్స్ అన్నీ ఉన్నాయి మరి ఎందుకిలా? శ్రావణం ముహూర్తాలు దగ్గరికొచ్చేశాయి, దయచేసి చెప్పండి.

పాత స్క్రూడ్రైవర్:
బూట్ ఫైల్స్ సీ డ్రైవ్‌లో ఉండవు తమ్ముడూ, దాని ముందు సిస్టమ్ రిజర్వ్‌డ్ అని చిన్న పార్టిషన్ (డిస్కులో వేరే భాగం) ఉంటుంది, అది రాలేదు నీకు. డీ డ్రైవ్‌ని ష్రింక్ చేసి, అంటే సైజు తగ్గించి, మొత్తం డిస్కు క్లోన్ చెయ్.

రాత్రి డ్యూటీ:
అన్నా ష్రింక్ మాత్రం వద్దు, ఆ సౌండు వస్తోందంటే డిస్కు పోయే స్టేజిలో ఉంది, ష్రింక్ అంటే అదే డిస్కు మీద డేటా అటూ ఇటూ జరపడమే కదా. కార్డుల షాపు గారూ, ముందు కస్టమర్ల ఫైల్స్, ఫాంట్లు వేరే పెన్‌డ్రైవ్‌లోకి తీసేయండి, క్లోనింగ్ సంగతి ఆ తర్వాతే. షాపువాళ్ళు మారిస్తే 480 ఇచ్చేసి 512 జీబీది తెచ్చుకోండి, అప్పుడు సైజు గొడవే ఉండదు. లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి డీడీరెస్క్యూ అనే పాడైన డిస్కుల కాపీ టూల్ వాడండి, అది చదవగలిగినంతా ముందు లాగేసి పాడైన చోట్లకి తర్వాత వస్తుంది, ఎంతవరకు కాపీ అయిందో రాసుకునే మ్యాప్ ఫైల్ పెట్టుకుంటే మధ్యలో ఆగినా అక్కడి నుంచే మొదలవుతుంది. ఏది పాతది ఏది కొత్తది అన్నది మోడల్ నంబర్, సైజు చూసి రెండుసార్లు సరిచూసుకోండి, తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి మీ డేటా మీద పడుతుంది. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు పాత డిస్కు తగిలించి ఉంచొద్దు, రెండిటికీ ఒకే సిగ్నేచర్ (డిస్కు గుర్తింపు నంబర్) కాబట్టి విండోస్ కన్‌ఫ్యూజ్ అవుతుంది.

కార్డుల షాపు:
512 ఇచ్చారండీ, పైన కొంచెం డబ్బులు కట్టా. రాత్రి పెట్టి పడుకున్నా, పొద్దున్న చూస్తే కొన్ని కేబీలు తప్ప అంతా వచ్చేసింది. పాతది తీసేసి ఆన్ చేశా, బూట్ అయింది!! డిస్కులో తప్పులు చూసే చెక్‌డిస్క్ కూడా వేశా. అను కీబోర్డు, ప్రింటర్ అన్నీ ఉన్నట్టే ఉన్నాయి. చాలా చాలా థ్యాంక్సండీ ఇద్దరికీ. డిస్కు చివర 11 జీబీ ఖాళీగా చూపిస్తోంది, దాన్నేం చేయాలి?

పాత స్క్రూడ్రైవర్:
డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డీ మీద రైట్ క్లిక్ కొట్టి ఎక్స్‌టెండ్ చేసుకో, లేదా అలాగే వదిలేసినా నష్టం లేదు. ష్రింక్ విషయంలో ఆయన చెప్పిందే కరెక్టు, సౌండు సంగతి నేను పట్టించుకోలేదు. పాత డిస్కుని ఫార్మాట్ చేయకుండా ఈ సీజన్ అయ్యేదాకా పక్కన పెట్టుకో.