కరెంటు రాగానే బోరు మోటారు దానంతటదే తిరుగుతోంది (ఈఎస్‌పీ32 వెబ్ సర్వర్)

ప్రశ్న, కవిటి నుంచి:
మా కొబ్బరి తోటలో త్రీఫేజ్ బోరు మోటారుని ఫోన్‌లో నడపడానికి ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ బోర్డు) పెట్టాను. ఆర్డుయినో వెబ్‌సర్వర్ లైబ్రరీ వాడాను. పేజీలో ఆన్, ఆఫ్ అని రెండు లింకులు. ఒక రిలే (బోర్డు చెప్తే పనిచేసే స్విచ్) స్టార్టర్ పచ్చ బటన్‌కి సమాంతరంగా, ఇంకోటి ఎర్ర బటన్‌తో వరసలో కలిపాను. కరెంటు పోయి వస్తే మోటారు దానంతటదే మొదలవుతోంది. నిన్నయితే కరెంటు పోలేదు, ఎవరూ ఆన్ నొక్కలేదు, అయినా తిరిగింది. అప్పుడు నాన్న పైపు విప్పుతున్నారు. దెబ్బ తగల్లేదు గానీ ఇంట్లో అందరికీ టెన్షన్.

జవాబు, రాజాం నుంచి:
తమ్ముడూ, ముందు స్టార్టర్‌కి వచ్చే మెయిన్ ఆపెయ్. ఇది సరయ్యేదాకా చేత్తోనే వేసుకోండి.

నీ రిలే బోర్డు, పిన్ ‘లో’ (LOW, అంటే సున్నా వోల్టులు) అయితే పడే రకం అనుకుంటున్నా. పిన్‌ని అవుట్‌పుట్ చేయగానే అది ‘లో’లోనే ఉంటుంది. నీ కోడ్‌లో ఆ తర్వాత వైఫై కోసం ఆగే లూప్ ఉందా? ఉంటే రౌటర్ లేచేదాకా రిలే పడే ఉంటుంది. పచ్చ బటన్ క్షణం అతుక్కుంటే చాలు, కాంటాక్టర్ (స్టార్టర్‌లో మోటారుకి కరెంటు కలిపే పెద్ద స్విచ్) పట్టేసుకుంటుంది. కరెంటు పోతే వదిలేసే కాయిల్ స్టార్టర్‌లో ఉన్నది మనిషి ప్రాణం కోసం, దాన్ని మన కోడ్ చెడగొట్టకూడదు. పిన్‌మోడ్ కిందే, మరుసటి లైన్లోనే ‘హై’ (HIGH, 3.3 వోల్టులు) రాయి. రిలే పిన్ నుంచి 3.3 వోల్టులకు 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెట్టు. వైఫై సంగతి ఆ తర్వాత. పిన్‌లు 25, 26, 27 మంచివి. 0, 2, 12, 15 బూట్‌కి సంబంధించినవి, వాటి జోలికి పోకు.

నిన్నటిది నీ లింకు పనే అనిపిస్తోంది. ఆన్ అడ్రస్ గెట్ రిక్వెస్ట్ (అడ్రస్ తెరిస్తే చాలు వెళ్లిపోయేది) కదా, ఫోన్‌లో పాత ట్యాబ్ మళ్లీ లోడైతే అదే ఆన్ ఇంకోసారి వెళ్తుంది. ఆన్, ఆఫ్ రెండూ పోస్ట్ ఫారాలుగా (బటన్ నొక్కితేనే వెళ్లేవి) మార్చు. పని అయ్యాక 303 (వేరే పేజీకి వెళ్లమని బ్రౌజర్‌కి చెప్పే కోడ్)తో మొదటి పేజీకి పంపెయ్, అప్పుడు రిఫ్రెష్ చేసినా మోటారు కదలదు.

ఇంకో జవాబు, విజయనగరం నుంచి:
స్టార్టర్ కాయిల్ మీద ఎంత రాసుందో చూడండి బాబూ. చాలా వ్యవసాయ స్టార్టర్లలో 415 వోల్టులు ఉంటుంది. ఆ చిన్న నీలం రిలేలు సాధారణంగా 250 వోల్టుల వరకే. 415 అయితే వాటితో నేరుగా కలపకండి, మధ్యలో ఆ వోల్టేజికి తగ్గ చిన్న కాంటాక్టర్ ఎలక్ట్రీషియన్ చేత పెట్టించండి. రౌటర్‌లో పోర్టు ఫార్వర్డ్ చేసి (బయటివాళ్లకి దారి ఇచ్చి) ఈ పేజీని ఇంటర్నెట్‌కి తెరవొద్దు. దూరం నుంచి కావాలంటే వీపీఎన్ (ఇంటి నెట్‌వర్క్‌లోకి భద్రమైన దారి) వాడండి.

అడిగినవారు:
అన్నా, వైఫై లూప్ అక్కడే ఉంది. హై రాసే లైన్‌ని దానికంటే పైకి తెచ్చాను, రెసిస్టర్ పెట్టాను, పోస్ట్‌కి మార్చాను. మోటారు వైర్లు తీసేసి కరెంటు పదిసార్లు ఆపి వేశాను, కాంటాక్టర్ ఒక్కసారి కూడా పడలేదు. కాయిల్ 415 అని ఉంది. అందుకే రిలేలు విప్పేశాను, రేపు ఎలక్ట్రీషియన్ వస్తున్నాడు. పేజీలో ఆన్ అని చూపిస్తున్నది మాత్రం నా వేరియబుల్ చెప్పేదే, మోటారు చెప్పేది కాదు. నిజంగా తిరుగుతోందో లేదో ఎలా తెలుసుకోవాలి?

రాజాం నుంచి:
కాంటాక్టర్‌కి విడిగా ఒక ఆక్సిలరీ కాంటాక్ట్ (కాంటాక్టర్ పడినప్పుడు దాంతో పాటే కలిసే చిన్న స్విచ్) పెట్టించు. దాని రెండు వైర్లూ ఈఎస్‌పీ గ్రౌండ్‌కీ, పిన్ 33కీ. ఇన్‌పుట్ పులప్ (స్విచ్ తెరిచి ఉంటే పిన్‌ని హైలో ఉంచే లోపలి రెసిస్టర్) ఆన్ చెయ్. ఆ వైర్లలోకి మెయిన్ కరెంటు ఎక్కడా కలవకూడదని ఎలక్ట్రీషియన్‌కి నువ్వే దగ్గరుండి చెప్పు.