సుడో కొడితే పాత నోడ్, లేకపోతే కొత్తది: ఏది తీసేయాలి?

గుణుపురంలో మా ల్యాబ్ మెషిన్లన్నీ ఉబుంటు 22.04. ఎన్‌వీఎం (నోడ్ వెర్షన్లు మార్చుకునే సాధనం) వాడి నోడ్ (జావాస్క్రిప్ట్ నడిపేది) 20 ఎక్కించాం, టెర్మినల్‌లో వెర్షన్ అడిగితే 20 అనే చెబుతోంది. ముందు సుడో (అడ్మిన్ హక్కులతో నడిపే కమాండ్) తగిలిస్తే మాత్రం 12.22.9! టైముకి పనులు నడిపే క్రాన్‌లోనూ అదే గోల. ‘విచ్ హైఫన్ ఏ నోడ్’ కొడితే రెండు దారులు: హోమ్‌లోని డాట్ ఎన్‌వీఎం ఒకటి, ఉబుంటు ప్యాకేజీ మేనేజర్ ఆప్ట్ (apt) పెట్టిన యూఎస్ఆర్ బిన్‌ది ఇంకొకటి. సుడో తన సెక్యూర్ పాత్‌నే (తనకు రాసిపెట్టిన దారుల జాబితానే) చూస్తుంది, ఎన్‌వీఎం దారి ఉండే షెల్ సెట్టింగుల ఫైలు బాష్ఆర్‌సీని క్రాన్ చదవదు, అంతవరకు తెలిసిందే. హ్యాష్ హైఫన్ ఆర్ ఇక్కడ పనికిరాదు, అది షెల్ గుర్తుపెట్టుకున్న దారిని చెరపడానికే.

ఆప్ట్‌ది తీసేస్తే దాని ఎన్‌పీఎం (నోడ్ ప్యాకేజీలు ఎక్కించేది) కూడా పోతుంది, పోనివ్వండి. కానీ క్రాన్‌కి నోడే దొరకదు కదా! యూఎస్ఆర్ లోకల్ బిన్‌లో లింకు వేస్తే, ఎన్‌వీఎంలో వెర్షన్ మార్చినా లింకు పాతదాన్నే పట్టుకుని ఉంటుంది. పైగా హోమ్ ఫోల్డరు 750, వేరే యూజర్లు లోపలికి రాలేరు. క్రాన్‌ట్యాబ్‌లో పాత్ రాయడమా, ఎన్‌వీఎంని అందరికీ అందే /opt ఫోల్డరుకి మార్చడమా? ఇలా నడుపుతున్నవాళ్లు ఎవరైనా చెప్పగలరా? ఇక్కడ నెట్ సన్నగా వస్తుంది, అన్నీ మళ్లీ దించుకోమనకండి.